కారు కాళ్లు

వెంకటరత్నమ్మవి ఊరుకునే చేతులు కావు. అవి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. తెల్లారీ తెల్లారకముందే లేచి, తమ్ముడి కారు నాలుగు చక్రాలకూ పొయ్యిలో బూడిద తీసి మెత్తగా పట్టించిందంటే ఆ తల్లిని ఏమనాలో మీరే చెప్పండి. ఎవరైనా పట్టించమన్నారా? లేదు. కారు మురికిగా ఉందని తమ్ముడేమైనా ఆమెకు చెప్పుకుని ఏడ్చాడా? అదీ లేదు. ఆమెకు ప్రేమ వచ్చింది, అంతే. ఆమెకు ప్రేమ వస్తే ఇంట్లో ఏదో ఒకటి తోమబడుతుంది.

తమ్ముడి పేరు ఏడుకొండలు. కనిగిరిలో బోరు మోటార్ల దుకాణం నడుపుతున్నాడు. రాచర్ల దగ్గరున్న ఈ పల్లెకు, అక్క గడపకు, అతను వచ్చి ఏళ్లు గడిచిపోయాయి. రాకపోవడానికి కారణం వింటే మనకు నవ్వొస్తుంది గానీ వాళ్లిద్దరికీ రాలేదు. కొమరోలు దగ్గర పుట్టింట్లో వాళ్ల నాయన సంవత్సరీకం నాడు వంటంతా రత్నమ్మే చేసింది. బంధువులందరి మధ్యా కూర్చుని ఏడుకొండలు, “ఏందక్కా ఈ పప్పు, ఉప్పు బస్తా వొంపినావా?” అన్నాడు. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర ఉడికిపోతున్న మనిషి ఊరుకుంటుందా? “ఏడాదికొక పూట వచ్చి తినిపోయేటోడివి, నీకెందుకురా ఉప్పు సంగతి?” అని అందరూ వినేట్టే అనేసింది. ఏడుకొండలు సగం అన్నంలో విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

నాయన ఆస్తి పంచుకోవడంలో ఎవరికి ఎక్కువొచ్చిందో ఎవరికి తక్కువొచ్చిందో గానీ, నాయన కోపం మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చింది. ఆ తర్వాత ఫోన్లు లేవు, రాకపోకలు లేవు. ఫోన్లో తమ్ముడి పేరు తీసి చూసుకోవడం, మళ్లీ మూసి బొడ్లో దోపుకోవడం, ఇదే రత్నమ్మ పని అయిపోయింది.

అలాంటిది నిన్న సాయంత్రం జోరు వానలో తెల్ల కారొకటి వచ్చి గుమ్మం ముందు ఆగింది. దిగినవాడు ఏడుకొండలు. రత్నమ్మ గడపలోనే నిలబడిపోయింది. ‘రారా నాయనా’ అనాల్సిన చోట, “వాన పడతంది” అంది.

“అవునక్కా, పడతంది” అన్నాడు తమ్ముడు.

ఇన్నేళ్ల తర్వాత అక్కాతమ్ముళ్లు మాట్లాడుకున్న ముచ్చట ఇది.

లోపలికి వచ్చి కూర్చున్నాక, అక్క వైపు చూడకుండా బావ మాల్యాద్రికి చెప్పాడు. “రేపు గిద్దలూరులో సుచరిత వాళ్ల అన్న కొడుకు పెళ్లి బావా. అందరం అక్కడే దిగినాం. సత్రం దగ్గర కారు పెట్టేదానికి చోటు లేదు, అందుకని ఇట్లొచ్చినా. పొద్దున్నే పోతా.” సుచరిత అతని భార్య. గిద్దలూరంత ఊళ్లో ఒక్క కారుకు చోటు లేదట! సరే, నమ్ముదాం.

ఇక ఆ పూటంతా చక్రాల పురాణమే. “సెకండ్ హ్యాండ్‌దే బావా, కానీ చక్రాలు చూడు, అల్లాయ్! పైన పూత లేచిపోయి మచ్చలు మచ్చలుగా ఉంటే, ఒంగోలులో ఆ పూతంతా తీయించి ఉత్త లోహాన్ని పాలిష్ పట్టించినా. మొహం చూసుకోవచ్చు. రేపు పెళ్లికొడుకు ఎక్కేది ఈ కార్లోనే.” పుట్టిందగ్గర్నుంచీ గొర్రెల వెంట తిరిగిన మాల్యాద్రి, చక్రంలో మొహం ఎందుకు చూసుకోవాలో అర్థం కాక, మర్యాదకు తల ఊపుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య ఏడుకొండలు అక్క వైపు తిరిగి, “అక్కా, అదీ...” అని మొదలుపెట్టడం, ఆమె ఆశగా తలెత్తగానే, “...వానకి చక్రాలు బురదైనాయి చూడు, పొద్దున్నే తుడవాల” అని మళ్లీ అక్కడికే పోవడం.

‘వీడికి అక్క కంటే చక్రాలెక్కువైనాయి’ అనుకుని రత్నమ్మ లోలోపల ముడుచుకుపోయింది. కోడికూర వండి, ఉప్పు చూసిందే చూసి వడ్డించింది. “బాగుందా?” అంటే “బాగుంది” అన్నాడు. ఇంకో ముక్క వేయనా అంటే చాలన్నాడు. చుట్టాల ఇంట్లో తిన్నట్టు తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

పడుకుందన్న మాటేగాని ఆమెకు మనసు నిలవలేదు. వచ్చాడు సరే, పొద్దున్నే పోతాడు. పోతే మళ్లీ వస్తాడా? ఆమెకు కావలసింది అదొక్కటే. అడుగుదామంటే నోరు రాదు. నోరు రానప్పుడు ఆమెకు చేతులు వస్తాయి.

వాళ్ల పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. బండి కట్టుకుని ఎవరైనా చుట్టం వస్తే, మనిషి కాళ్లకు నీళ్లిచ్చే ముందు ఎద్దుల కాళ్లు కడిగేది వాళ్లమ్మ. “ఇంత దూరం మోసుకొచ్చింది అవి గదమ్మా” అనేది. పిల్ల రత్నమ్మ చెంబందిస్తుంటే, ఆ తల్లి గిట్టల సందుల్లో బురద కూడా వేలితో తీసి కడిగేది. పొద్దున్నే వాకిలి ఊడవడానికి వచ్చిన రత్నమ్మకు, ఎర్రమట్టి, గొర్రె పెంటికలు అంటుకుని నిలబడి ఉన్న ఆ కారు చక్రాలు చూడగానే అమ్మ గుర్తొచ్చింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి బకెట్ తెచ్చింది.

మామూలుగా కడిగి వదిలేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మా వైపు బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, ఆరితే చాలు తెల్లటి మచ్చలు. మొదటి చక్రం కడిగి తుడిచేసరికి, దాని నిండా సున్నపు చుక్కలు పడినట్టయింది. ‘అయ్యో, పెళ్లికొడుకు ఎక్కే బండి’ అనుకుంది. దేవుడి ఇత్తడి కుందెలకు ఏ మర్యాద చేస్తుందో ఆ మర్యాదే చేసింది. జల్లించిన బూడిద తడిపి, కొబ్బరి పీచుతో నాలుగింటికీ దట్టంగా పట్టించి, “కాసేపు నాననీ” అని గేదె పాలు పితకడానికి పోయింది.

పాలు పితికి, కాచి, గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గరకు వదిలి, తీరిగ్గా వచ్చి చెంబుడు నీళ్లు పోసింది. ఇంకేముంది! బూడిద జారిపోయిన చోట చక్రం మాడిన గిన్నె అడుగులా నల్లగా కనిపించింది. ఇంకో చెంబు పోసింది. ఇంకా నల్లగా ఉంది. రెండో చక్రం దగ్గరికి పరుగెత్తింది. అదీ అంతే. నాలుగూ అంతే.

“ఓసి నా మొద్దు మొహమా, ఇది సత్తు!” అని నెత్తి కొట్టుకుంది.

అదే మరి. సత్తంటే అల్యూమినియం, తమ్ముడు చెప్పిన అల్లాయ్ కూడా దాని చుట్టమే. సత్తు గిన్నెకు బూడిద తగిలితే నల్లబడుతుందని ఆమెకు తెలియక కాదు. ఆ సంగతి ఊళ్లో ఆడపిల్లలకు చెప్పిందే ఆమె. కానీ లక్షలు పోసి కొన్న కారుకు తీసుకుపోయి సత్తు చక్రాలు పెడతారని ఎవరనుకుంటారండీ!

పశువుల కొట్టంలో ఉన్న మాల్యాద్రిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన చక్రాలు చూశాడు, పెళ్లాన్ని చూశాడు, లోపల తమ్ముడు పడుకున్న గది తలుపు చూశాడు.

“లేపి చెప్పేద్దాం రత్తమ్మా. దాచేదానికి ఇదేమన్నా చిన్నదా?”

“చెప్తే ఇంకేమన్నా ఉందా! వాడు మా నాయన కొడుకు. ఇంత అన్నం కూడా తినకుండా లేచిపోతాడు. ఈసారి పోయినాడంటే నేను చచ్చినా రాడు. నువ్వు గమ్మునుండి నేను చెప్పింది చెయ్యి.”

ఏడాదికని గింజ తీసి కుండలో అదిమి దాచుకున్న చింతపండు మొత్తం తీసి నీళ్లలో వేసి మరిగించింది. నల్లబడ్డ సత్తు గిన్నెలను తెల్లగా చేసేది చింతపండే, మరి కారు చక్రం మాత్రం మాట వినదా? వేడివేడి గుజ్జు తెచ్చి మొదటి చక్రానికి పట్టించి పీచుతో రుద్దింది. బండి చక్రానికి ఉన్నట్టే దీనికీ ఆకులున్నాయి. ఒక్కో ఆకు సందులో వేలు దూర్చి రుద్దుతుంటే గోళ్లు మండాయి. నలుపు కొంచెం కొంచెంగా జారి, బూడిదరంగు తేలి, చివరికి తెలుపు కనబడింది.

నీళ్లకు పోతున్న పక్కింటి సౌభాగ్యమ్మ ఆగి ముక్కున వేలేసుకుంది. “ఏందొదినా, కారుకి పులుసు పోస్తన్నావు?”

“నీ కారు వచ్చినప్పుడు నీకూ పోస్తాలే, పో!”

తెల్లబడింది గానీ మెరుపు రాలేదు. మెత్తటి ముగ్గుపిండి చల్లి పాత చీరగుడ్డతో తుడిచి చూసింది. గుడ్డ జారిపోతోంది గానీ పట్టడం లేదు. అంతా చూస్తున్న మాల్యాద్రి లోపలికి పోయి, తన గొంగడి తెచ్చుకుని కొడవలితో అంచు కోశాడు. వానలో, చలిలో, అడవి వెంట ఎన్నో ఏళ్లు కప్పుకు తిరిగిన గొంగడి అది. “ఆ చింకిది పారెయ్యి” అని రత్నమ్మ ఎన్నిసార్లు పోట్లాడినా ఇవ్వని మనిషి, అంచు కోసి చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. “చూస్తావేంది, రుద్దు. ఎండెక్కతంది” అన్నాడాయన.

గరుకు ఉన్ని కింద ముగ్గుపిండి పట్టు దొరికించుకుంది. రుద్దగా రుద్దగా చక్రం మెరిసింది. ఒంగోలు మెరుపు కాదు గానీ, పండగ నాటి గిన్నె మెరుపు. ఆ తర్వాత భార్య చింతపండు, భర్త గొంగడి. ఒకరి వెనక ఒకరు చక్రాల చుట్టూ గొంతుక్కూర్చుని జరుగుతూ రెండోది కూడా పూర్తి చేశారు. ఆమె మూడోదానికి పులుసు పట్టిస్తుండగా తలుపు చప్పుడయింది.

ఏడుకొండలు ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు. విరుచుకున్న చేతులు అట్లాగే గాల్లో ఆగిపోయాయి.

“అక్కా! ఏం చేసినావు నా చక్రాలు?”

“ఏం లేదురా, కొంచెం...”

“కొంచెమేంది! బొగ్గు లెక్కన ఉంటే కొంచెమంటావు? ఇంకా తాళి కట్టే టైముకి ఎంతో లేదు, పెళ్లికొడుకుని ఎట్ల ఎక్కించాల? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? నేను తుడుచుకుంటానని చెప్పినానా లేదా? అన్నీ నీ ఇష్టమేనా? ఎప్పుడూ ఇంతే నువ్వు!”

ఊరంతా వినపడేట్టు అరుస్తున్నాడు. అచ్చం నాయనే. ఇంకొక రోజైతే రత్నమ్మ ఒకటికి పది అంటించేది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ నల్లటి చేతులతో, తడిసిన చీరతో, చక్రం పక్కన కూర్చున్న ఆమెకు ఆ క్షణాన కోపం రాలేదు, భయమేసింది. ఇదిగో, లేచిపోతున్నాడు, మళ్లీ పోతున్నాడు అని భయమేసింది.

“బూడిద పెట్టినా రా” అంది. “ఇది సత్తని తెల్వదు. నీ బండి కాళ్లు కడుగుదామనుకున్నా.”

“కారుకి కాళ్లేందక్కా?”

“అమ్మ ఎద్దుల కాళ్లు కడిగేది కదరా, బండొస్తే. నిన్న నువ్వు దిగినప్పుడు నీ కాళ్లకి నీళ్లియ్యడం కూడా మర్చిపోయినా. వచ్చింది నువ్వేనా కాదా అని చూస్తా నిలబడిపోయినా. పలకరించకుండా వాన సంగతి మాట్లాడినా. రాత్రి కూర పదిసార్లు చవి చూసినా. ఉప్పు ఎక్కువైతే పోతావేమోనని. తిట్టుకోరా, ఎంత తిట్టినా పడతా. పోవద్దు మాత్రం. ఇంకోసారి రాకుండా పోవద్దు.”

 అప్పుడే ఏడుకొండలు జేబులో ఫోన్ మోగింది. చూస్తే సుచరిత. స్పీకర్ నొక్కి, “ఆ, చెప్పు” అన్నాడు కరుకుగా.

“చెప్పేదేంది, వదినావాళ్లు బయలుదేరినారా? ఇక్కడ పూలవాడు కారు కోసం కూర్చోనున్నాడు.”

“ఆ... అంటే...”

“అంటే ఏంది? ఇంకా పిలవనే లేదా? అక్కని నేనే పోయి పెళ్లికి పిలుస్తానని, కారేసుకుని వానలో పోయినారే! రాత్రంతా ఏం మాట్లాడినారు మరి?”

“చక్రాల గురించి మాట్లాడినాడమ్మా” అన్నాడు మాల్యాద్రి, ఉండబట్టలేక.

 అవతల సుచరిత గొంతు మెత్తబడింది. “వదినా, ఉన్నావా? ఈయనతో ఏం కాదులే గానీ, మీ ఇద్దరూ తయారై కార్లో వచ్చేయండి. నువ్వు రాకుంటే నేనొచ్చి తీస్కపోతా, తెల్సా?” అని పెట్టేసింది.

ఏడుకొండలు నేల చూపులు చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి, దుకాణంలో నలుగురిని పనిలో పెట్టుకున్న మనిషి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లోడిలా నిలబడ్డాడు.

“నోరు రాలేదక్కా” అన్నాడు చివరికి. “ఎట్ల అడగాల్నో తెల్వలా. నువ్వు రానంటే ఏం చెయ్యాల అని...”

“రానంటానా రా! పిలిస్తే రానంటానా!” అని రత్నమ్మ ఏడుస్తూనే కసిరింది. “ఇంత పొడుగు పెరిగినావు, ఒక్క మాట అడిగేదానికి చక్రాలు అడ్డం పెట్టుకున్నావా? పాపిష్టోడా!”

“నువ్వు మాత్రం? మళ్లీ వస్తావా అని అడగలేక బూడిద పూసినావు.”

మాల్యాద్రి గొంగడి ముక్క దులుపుతూ, “సరిపోయింది ఇద్దరికీ” అన్నాడు.

రత్నమ్మ లేచి చెయ్యి కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చింది. అక్క ఏం చేయబోతోందో ఏడుకొండలుకు అర్థమైంది. “ఏందక్కా, ఇప్పుడా?” అన్నాడు గానీ, లుంగీ పైకెత్తి కాళ్లు ముందుకు పెట్టాడు. ఆమె పోసింది. అతను ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటూ తలొంచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి ఇద్దరికీ తీరిక లేదు. పోసిన చెంబు పక్కన పెట్టేలోపే, అతను మూడో చక్రం ముందు గొంతుక్కూర్చుని, “బావా, ఆ ముగ్గుపిండి ఇట్లియ్యి” అన్నాడు.

ముగ్గురూ చేరేసరికి పని జోరందుకుంది. మాటలూ జోరందుకున్నాయి. పిల్లల చదువులు, దుకాణంలో పనివాళ్లు, చచ్చిపోయిన ఎర్రావు, ఈ మధ్య అక్కకు వచ్చిన మోకాళ్ల నొప్పి, ఇన్నేళ్లవీ అన్నీ ఒక్కసారే. మోకాళ్ల నొప్పి సంగతి విని అతను చెయ్యాపి, “నాకెందుకు చెప్పలేదు?” అని కోప్పడ్డాడు కూడా. మూడో చక్రం మెరిసింది. నాలుగోది మిగిలింది.

సుచరిత మళ్లీ ఫోన్ చేసింది. “ఇంకా బట్టలు మార్చుకోవాల, టైం లేదు, లేవండి” అన్నాడు ఏడుకొండలు.

“ఒక్కటేరా, చిటికెలో అయిపోతుంది. ఇంత పులుసుంది...”

“ఉండనీ అక్కా. నువ్వు పట్టుచీర కట్టుకో, పో.”

గిద్దలూరు సత్రం ముందు కారు ఆగేసరికి బాజాలు మోగుతున్నాయి. ముందు సీట్లో రత్నమ్మ, వెనక మాల్యాద్రి. సుచరిత ఎదురొచ్చి వదిన చేతులు పట్టుకుని, ఆ నల్లబడ్డ గోళ్లు చూసి ఏందని కూడా అడగకుండా తన బుగ్గకు ఆనించుకుంది. పూలవాడు కారు చుట్టూ బంతిపూల దండలు కట్టాడు. పెళ్లికొడుకు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. రత్నమ్మ దిగబోతే, “నువ్వు కూర్చో అక్కా, ఊరేగింపయిందాకా దిగేది లేదు” అని ఏడుకొండలు తలుపు మూశాడు.

మర్యాదలకు ఎదురొచ్చిన ఆడపెళ్లివారి పెద్దాయన ఒకరు కారు చుట్టూ తిరిగి వచ్చి, అందరూ వినేట్టే నవ్వాడు. “ఏమయ్యా, మూడు చక్రాలు తళతళమంటన్నాయి, ఇదొక్కటి బొగ్గు లెక్కనుందే! పెళ్లికొడుకు బండి తుడిచేదానికి కూడా తీరిక లేకపోయెనా మీకు?”

రత్నమ్మకు తల కొట్టేసినట్టయింది. అందరి మధ్యా మాట పడితే తమ్ముడు ఎట్లా ఉంటాడో ఆమెకు తెలుసు. కిటికీలోంచి అతని మొహమే చూస్తూ కూర్చుంది.

ఏడుకొండలు ఆ నల్ల చక్రం మీద చెయ్యేసి నిమిరాడు. “అదా! అది మా అక్క తోమాల్సింది పెద్దాయనా. ఈరోజు టైం చాల్లేదు. వచ్చే ఆదివారం పోయి తోమించుకుంటా” అన్నాడు, అంతే గట్టిగా, అందరూ వినేట్టు.

రత్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఆదివారం వస్తే కుదరదురా” అంది. “శనివారం సాయంత్రానికే రావాల. పిల్లల్ని కూడా తీస్కరావాల. చెప్తన్నా!”